చార్లెస్ ఫిలిప్ బ్రౌను: గ్రంథములకును గ్రంథకర్తలకును నీడ

గ్రంథాలయమనగానే మన కన్నులయెదుట నిలుచునవి వరుసగా పుస్తకములు అమర్చిన బీరువాలు, దినపత్రికలు పరచిన పొడుగాటి బల్ల, పుస్తకములు ఇచ్చిపుచ్చుకొను చిట్టా. చదువరికి ఇంతకంటె కావలసినది లేదు. కాని పుస్తకము చదువబడుటకు ముందు వ్రాయబడవలెను గదా! చదువువారికి తావు చూపిన మనము వ్రాయువారికి ఏ తావు చూపినాము? ఈ ప్రశ్నను ఆలోచించిన కొన్ని దేశములవారు తమ పౌరగ్రంథాలయములలో ఒక చక్కని పద్ధతిని నెలకొల్పిరి. ఆ ప్రాంతపు రచయితను ఒకరిని కొన్ని నెలలపాటు గ్రంథాలయమునకు పిలిచి, కూర్చుండుటకు గదియు, వ్రాసికొనుటకు బల్లయు, జీవనమునకు భృతియు ఇత్తురు. ఆ రచయిత తన రచన తాను చేసికొనుచు, వ్రాయ నేర్వగోరు స్థానికులకు సలహాలు చెప్పుచుండును.

ఈ పద్ధతి వినుటకు క్రొత్తగా తోచవచ్చును. కాని దీనిని పోలిన ఏర్పాటొకటి మన కడప పట్టణమున దాదాపు రెండువందల సంవత్సరములకు పూర్వమే ఒక బంగళాలో జరిగియున్నది. దానిని జరిపినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. నిఘంటుకర్తగా ఆయన పేరు ఎఱుగని తెలుగువాడు లేడు. వేమన పద్యములను వెలికి తెచ్చినవాడుగా బడిపిల్లలు సైతము ఆయనను ఎఱుగుదురు. పండితులకు నీడయు కూలియు ఇచ్చి, వారి చేతులమీదుగా ఒక గ్రంథాలయమును నిర్మించినవాడుగా మాత్రము ఆయనను తలచువారు తక్కువ. మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండించుకొన్న ఈ శుభసమయమున ఆయన జీవితమును ఈ వైపునుండి ఒకసారి పరికించుట ఉచితము.

బాల్యము, విద్య

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తానగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు; అక్కడి ఫోర్టు విలియం కళాశాలకు ప్రధానాధికారులలో ఒకడు. ఆ కళాశాల ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకై 1800లో ఏర్పడినది. పండితులు, మౌల్వీలు, దుబాసీలు వచ్చిపోవుచుండు ఆ వాతావరణములో పెరిగిన బాలునకు భాషలయెడ ఆసక్తి పుట్టుట సహజము. తండ్రియే పెక్కు భాషలకు తొలి గురువయ్యెను. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. అక్కడ కంపెనీవారి హెయిలీబరీ కళాశాలలో చదివి, ఉద్యోగమునకు అర్హుడై, 1817 ఆగస్టులో బ్రౌను చెన్నపట్టణమున దిగెను. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిది సంవత్సరములైనను నిండలేదు.

చెన్నపట్టణమున సెయింట్ జార్జి కోట కళాశాల 1812నుండి నడుచుచుండెను. క్రొత్తగా వచ్చిన దొరలు అక్కడ దేశభాషలలో పరీక్షలు ఇచ్చి ఉద్యోగములకు పోవలసియుండెను. బ్రౌను అక్కడ వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు అక్షరాభ్యాసము చేసెను. అంతవరకు ఆయనకు తెలుగు పరిచయమైనను లేదు. 1820లో పరీక్ష నెగ్గి, కడపలో కలెక్టరునకు సహాయకుడుగా నియమింపబడెను. అక్కడ ప్రజలతో మాటలాడి, వారి అర్జీలు చదివి, వ్యవహారములో భాషను వశపరచుకొనెను. అయితే అది కచ్చేరీ తెలుగు. కావ్యములతో ఆయనకు అప్పటికింకను పరిచయము కలుగలేదు.

వేమన చూపిన దారి

1822లో ఆయనకు మచిలీపట్నమునకు బదిలీ అయ్యెను. అక్కడ ఉండగా 1824 ప్రాంతమున, హిందువుల ఆచారములను గూర్చి దుబాయి అను ఫ్రెంచి మతాచార్యుడు వ్రాసిన గ్రంథములో వేమన ప్రస్తావన ఆయన కంటబడెను. ఎవరీ వేమన యని విచారింపగా, సామాన్యులు పద్యములను కంఠస్థముగా వినిపించిరి; పండితులు మాత్రము ఆ కవిత్వము తమ గణనకు రాదని తేల్చివైచిరి. బ్రౌను సామాన్యుల మాటకే విలువయిచ్చి తాళపత్రప్రతులు సేకరింపసాగెను. ఒక ప్రతితో మఱియొక ప్రతి పోలదు. పద్యముల సంఖ్య వేఱు, వరుస వేఱు, పాఠము వేఱు. ఒకే పద్యము నాలుగు ప్రతులలో నాలుగు తీరుల నుండెను.

ఈ చిక్కే ఆయన జీవితమునకు దారి చూపినది. ప్రతులను ఒకచోట చేర్చవలెను, పోల్చి చూడవలెను, తప్పొప్పులు నిర్ణయింపవలెను, శుద్ధప్రతి వ్రాయింపవలెను. ఇది ఒక్కనివలన అగు పని కాదు, పరదేశికి అసలే సాధ్యము కాదు. ఛందస్సు తెలియనిదే పద్యపాఠమును నిర్ణయించుట సాధ్యము కాదని గ్రహించి, తిప్పాభట్ల వేంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య అను పండితుల యొద్ద ఆయన ఛందస్సు నేర్చెను. ఆ చదువు ఫలముగా ఆంధ్ర గీర్వాణ ఛందస్సులను వివరించు పుస్తకము 1827లో అచ్చయ్యెను. వేమన పద్యములు ఆంగ్లానువాదముతో 1829లో వెలువడినవి. అందు 693 పద్యములున్నవి. పదేండ్ల తరువాత 1839లో వచ్చిన రెండవ కూర్పులో 1164 పద్యములు చేరినవి. నడుమ జరిగిన వెదకులాట ఎంతటిదో ఈ రెండు సంఖ్యలే చెప్పగలవు.

ఆనాటి పండితుల స్థితి

బ్రౌను చేసిన పని విలువ తెలియవలెనన్న ఆనాటి పండితుల బ్రదుకు ఎట్లుండెనో కొంత తెలిసికొనవలెను. పూర్వము కవులకు, పండితులకు రాజులు, సామంతులు, పాలెగాండ్రు, సంపన్న గృహస్థులు పోషకులుగా ఉండిరి. అగ్రహారములు, మాన్యములు, సంభావనలు వారి జీవనాధారములు. 1800లో నైజాము నవాబు రాయలసీమ జిల్లాలను కంపెనీవారికి దత్తము చేసెను. అటుపిమ్మట అక్కడి పాలెగాండ్ర అధికారము అణచివేయబడెను. కోటలతోపాటు కొలువులు పోయినవి. కొలువులతోపాటు కవిపండితుల కూడును పోయినది.

గ్రంథముల గతియు అట్లే యుండెను. తాళపత్రము శాశ్వతము కాదు. చెదలు, తేమ, పురుగు దానికి శత్రువులు. తరమునకొకసారి ఎవరైనను కూర్చుండి గంటముతో క్రొత్త ఆకులపై తిరిగి వ్రాసిననే గ్రంథము బ్రదుకును. వ్రాయువానికి కూలి ఇచ్చు పోషకుడు లేని తరమొకటి వచ్చెనా, ఆ తరముతోనే ఆ గ్రంథము అంతరించును. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున తెలుగు సాహిత్యము సరిగా ఇట్టి అపాయపుటంచున నిలిచియుండెను. అచ్చుయంత్రము వచ్చియున్నను తెలుగు కావ్యములకు అచ్చుభాగ్యము ఇంకను కలుగలేదు. తాళపత్రములు ఇండ్ల అటకలపై ఉండెను, వానిని చదువగలవారు అరుగులపై పనిలేక ఉండిరి. ఆ రెంటిని ఒక కప్పుక్రిందికి తెచ్చువాడు కావలసియుండెను.

పోషకుల కొలువులను తొలగించినది కంపెనీ ప్రభుత్వమే. ఆ లోటును తన శక్తికొలది పూడ్చ పూనుకొన్నవాడు ఆ కంపెనీ ఉద్యోగియే. చరిత్రలోని ఈ వింతను మనము దాచిపెట్ట నక్కఱలేదు. బ్రౌను పరప్రభుత్వపు నౌకరు. ఆ ప్రభుత్వమునకు పన్ను వసూలు చేసినవాడు, తీర్పులు చెప్పినవాడు. అయినను కంపెనీ ఆయనకు ఈ పని ఒప్పగింపలేదు. ఇది ఆయన తనకై తాను ఎత్తుకొన్న బరువు.

కడప బంగళా

1826లో బ్రౌను మరల కడపకు వచ్చెను. ఈసారి అక్కడ పదునైదు ఎకరముల తోటతో కూడిన బంగళా ఒకదానిని కొనెను. ఆ బంగళాలో పండితులకును లేఖకులకును పని చేసికొనుటకు వసతి కల్పించి, నెలజీతములు ఏర్పరచి, గ్రంథపరిష్కరణము సాగించెను. జనులు దానిని బ్రౌను కాలేజి యని పిలువసాగిరి. అక్కడ పాఠము చెప్పించుకొను విద్యార్థులు లేరు, పట్టములును లేవు. అయినను ఆ పేరు దానికి తగియే యుండెను. ఏలయన చదువే అక్కడి వారందఱి వృత్తి. ఈ వ్యవహారమునంతను అయోధ్యాపురం కృష్ణారెడ్డి యను పెద్దమనిషి పర్యవేక్షించుచుండెను. దొర ఉద్యోగరీత్యా వేఱు ఊళ్లకు పోవలసివచ్చినను బంగళాలో పని సాగుటకు ఈ ఏర్పాటు తోడ్పడినది.

పని తీరు ఇట్లుండెను. మొదట ఒక కావ్యమును ఎన్నుకొని, దాని ప్రతులను నానాస్థలములనుండి తెప్పింతురు. ఇచ్చువారు ఇచ్చినచో కొందురు. కాదన్నచో నకలు వ్రాయించుకొని అసలు తిరిగి పంపుదురు. ఆ ప్రతులను ముందుంచుకొని పండితులు వరుసగా కూర్చుందురు. ఒకరు ఒక ప్రతిలోని పద్యమును చదువగా, తక్కినవారు తమ తమ ప్రతులలోని భేదములను చెప్పుదురు. లేఖకుడు వానినెల్ల వ్రాసికొనును. వ్యాకరణమునకు, ఛందస్సునకు, సందర్భమునకు సరిపడు పాఠమును నిర్ణయించి, కాగితముపై సిరాతో శుద్ధప్రతి తయారుచేయుదురు. తరువాత అట్టతో సంపుటముగా కట్టించి భద్రపఱతురు. గంటపు వ్రాతనుండి కాగితపు వ్రాతకు, విడి ఆకులనుండి కట్టిన సంపుటమునకు మన గ్రంథములు ఆ బంగళాలో ఈ విధముగా దాటినవి.

పాఠనిర్ణయముతో పని తీరలేదు. ప్రౌఢకావ్యములు సామాన్య చదువరికి తెలియవలెనన్న వ్యాఖ్యానము కావలెను. అందులకు బ్రౌను పండితులచేత టీకలు వ్రాయించెను. ఆయన పండితులలో ముఖ్యుడు జూలూరి అప్పయ్యగారు. వసుచరిత్రమునకు, మనుచరిత్రమునకు అప్పయ్యగారు వ్యాఖ్యలు రచించిరి. వసుచరిత్రము 1844లోను, మనుచరిత్రము 1851లోను అచ్చయినవి. పండితుడొకడు నిశ్చింతగా కూర్చుండి సంవత్సరముల తరబడి ఒక కావ్యమును శోధించి వ్యాఖ్య వ్రాయవలెనన్న ఆతని ఇంట పొయ్యి వెలుగవలెను. ఆ వెలుగునకు చమురు పోసినది బ్రౌను జీతము. ములుపాక బుచ్చయ్యశాస్త్రిగారి వంటి పండితులును ఆయన కొలువున పనిచేసిరి.

పద్యకావ్యములనే గాక వాడుకలోనున్న కథలను, స్థానిక చరిత్రలను కూడ బ్రౌను ఆదరించెను. తాతాచార్యులవారు చెప్పుచుండిన కథలను వ్రాయించి ఉంచి 1855లో అచ్చువేయించెను. అనంతపుర ప్రాంతపు రాజుల యుద్ధములను గూర్చి అక్కడివారు వ్రాసియుంచిన వచనచరిత్రను 1853లో ప్రకటించెను. పండితులు కావ్యమని ఒప్పుకొనని వ్రాతలకు కూడ గ్రంథాలయములో చోటున్నదని ఆయన తలంచెను. వేమనను తిరస్కరించినవారి మాట వినియుండినచో తానెంత పోగొట్టుకొనియుండునో ఆయనకు బాగుగా తెలియును.

కష్టములు, అప్పులు

ఇంతమందికి జీతములు, ప్రతులకు వెలలు, కాగితము, సిరా, బైండు ఖర్చులు, ఊరూర గ్రంథములు వెదకుటకు పోవు మనుష్యుల దారిబత్తెము, వీనికెల్ల బ్రౌను తన జీతమునుండియే వ్యయము చేసెను. జీతము చాలనపుడు అప్పులు చేసెను. కడపలోను మచిలీపట్నములోను పేదపిల్లలకు ఉచితముగా చదువు చెప్పు బడులు పెట్టించుటయు దీనికి తోడయ్యెను. తోడి ఉద్యోగులు ధనము కూడబెట్టుకొని స్వదేశమునకు పోవుచుండగా ఈయన తాళపత్రములు కూడబెట్టుచుండెను.

1832, 1833 సంవత్సరములలో గుంటూరు సీమను గొప్ప కరవు పీడించెను. నందన నామ సంవత్సరపు కరవుగా దానిని మన పెద్దలు తరతరములు చెప్పుకొనిరి. ఆ కాలమున బ్రౌను అక్కడ ఉద్యోగములో ఉండి ఆకలిగొన్నవారిని ఆదుకొను పనిలో పాల్గొనెను. 1834లో ఆయన ఉద్యోగమునుండి తొలగింపబడెను. తరువాత ఇంగ్లండునకు వెడలెను.

అక్కడను ఆయనకు తెలుగు ధ్యాస వదలలేదు. లండనులో కంపెనీవారి ఇండియా హౌసు గ్రంథాలయమున దక్షిణదేశపు వ్రాతప్రతులు పెక్కు మూలబడియుండుట చూచెను. చదువువారులేని చోట అవి పడియుండుటకంటె, చదువగలవారున్న దేశమునకు తిరిగి పోవుట మేలని అధికారులకు విన్నవించి, వానిని చెన్నపట్టణమునకు పంపునట్లు చేసెను. పుస్తకము చదువరికి చేరువగా ఉండవలెనను గ్రంథాలయధర్మమును ఇంతకంటె స్పష్టముగా ఆచరించి చూపుట కష్టము. గ్రంథములు ఈ దేశమునుండి ఆ దేశమునకు పోవుచున్న కాలములో ఆయన వానిని వెనుకకు మరలించెను.

చెన్నపట్టణమున

1837లో బ్రౌను మరల ఈ దేశమునకు వచ్చి, చెన్నపట్టణమున ప్రభుత్వమునకు పారసీక భాషానువాదకుడుగా పనిచేసెను. పిమ్మట తపాలా శాఖకు ప్రధానాధికారియయ్యెను. పగలు కచ్చేరీ పని, తక్కిన కాలము తెలుగు పని. ఇక్కడను తన ఇంట పండితులను నియమించుకొని కడపలో చేసిన పనినే కొనసాగించెను. 1840లో ఆయన తెలుగు వ్యాకరణము వెలువడినది. అటుపిమ్మట నిఘంటువులు. తెలుగు మాటలకు ఇంగ్లీషు అర్థములు తెలుపునది, ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థములు తెలుపునది, అన్యభాషలనుండి తెలుగు వ్యవహారములోనికి వచ్చిన పదములను తెలుపునది, అను ఈ మూడును 1852 మొదలు 1854 వరకు అచ్చయి పూర్తియైనవి. కావ్యములలోని పదములతోపాటు సంతలోను, పొలములోను, కచ్చేరీలోను వినబడు మాటలకు కూడ ఆయన నిఘంటువున స్థానము దొరకెను. ఈ నిఘంటువు నేటికిని పునర్ముద్రణములు పొందుచు వాడుకలో నున్నది.

ఈ నిఘంటువును ఒక్క మనుష్యుని కృతిగా చెప్పుట వాడుక. ఆయన పట్టుదల లేనిదే అది పుట్టియుండదనుటలో సందేహము లేదు. కాని దాని పుటల వెనుక కడపలోను, చెన్నపట్టణములోను కూర్చుండి పదములకు అర్థములు, ప్రయోగములు వెదకి యిచ్చిన పండితులు పలువురు కలరు. కొందఱి పేర్లు నిలిచినవి. చాలమంది పేర్లు మఱుగుపడినవి. శుద్ధప్రతులు వ్రాసిన లేఖకులలో ఎందఱివో దస్తూరీ నిలిచినది గాని పేరు నిలువలేదు. బ్రౌనును తలచునపుడు వారికిని ఒక నమస్కారము చేయుట మన విధి.

సొంత గ్రంథాలయము పౌరగ్రంథాలయమగుట

బ్రౌను జీవితములో మనవంటి గ్రంథాలయ నిర్వాహకులు ముఖ్యముగా గమనింపవలసినది 1845 నాటి సంగతి. అప్పటికి ఆయన యొద్ద సంస్కృతాంధ్ర గ్రంథముల వ్రాతప్రతులు రెండువేలకు పైగా చేరినవి. ఒక మనుష్యుడు సొంత ధనముతో కూర్చిన గ్రంథాలయమిది. దానిని ఆయన చెన్నపట్టణపు సాహిత్య సంఘమునకు, అనగా మద్రాసు లిటరరీ సొసైటీకి, దానముగా ఇచ్చివేసెను. కాలక్రమమున ఆ సంపుటములు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి. తరువాతి తరములందు తెలుగు కావ్యములను పరిష్కరించినవారును, సాహిత్యచరిత్రలు వ్రాసినవారును ఆ భాండాగారము మెట్లు ఎక్కవలసినవారే.

ఈ దానమే లేకున్నచో ఏమైయుండునో ఆలోచింపుడు. 1855లో బ్రౌను ఆరోగ్యము చెడి ఉద్యోగము విరమించి ఇంగ్లండునకు వెడలిపోయెను. పోషకుడు పోగానే పండితశాల ఎవరి దారిన వారై చెదరిపోయెను. గ్రంథములుకూడ ఆయన సొంత ఆస్తిగానే ఉండియుండినచో వేలమునకో, ఓడకో, చెదలకో వశమైయుండెడివి. పదేండ్లు ముందుగానే అవి సంఘము సొత్తు అయియుండుటచేత బ్రదికినవి. ఒక్కని ఔదార్యము ఆతని ఆయుస్సుతో తీరును. సంస్థ చేతికి వచ్చినది తరములు నడచును. బ్రౌను తన గ్రంథములకు ఈ రక్ష కట్టగలిగెను. తన పండితులకు మాత్రము కట్టలేకపోయెను. వ్రాయువారికి నీడనిచ్చు పని ఆయనతో మొదలై ఆయనతోనే ముగిసినది. దానిని అందిపుచ్చుకొనుటకు ఆ కాలమున సంస్థ ఏదియు ముందునకు రాలేదు.

చివరి దినములు

లండనులోను ఆయన తెలుగు పని విడువలేదు. అక్కడి విశ్వవిద్యాలయ కళాశాలలో 1865నుండి తెలుగు ఆచార్యుడుగా, జీతము పుచ్చుకొనక గౌరవార్థము పనిచేసెను. తన సాహిత్యజీవితమును గూర్చి ఒక చిన్న పుస్తకమును వ్రాసికొనెను. వివాహము చేసికొనలేదు. 1884 డిసెంబరు 12వ తేదీన, ఎనుబదియారేండ్ల వయస్సున లండనులో కన్నుమూసెను. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి యున్నది.

ఆయన మరణానంతరము చాలకాలము వరకు నిఘంటువు మీది పేరుగా మాత్రమే బ్రౌను మనకు మిగిలెను. 1970 తరువాతి సంవత్సరములలో, బంగోరె యను కలముపేరు గల బండి గోపాలరెడ్డిగారు ఆయన లేఖలను, వ్రాతలను శోధించి వెలికి తెచ్చిరి. బ్రౌను స్వీయచరిత్ర 1978లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము పక్షమున అచ్చయ్యెను. ఆ శ్రమవలననే బంగళాలోని పండితుల బ్రదుకులు, వారి పని, దొర పడిన పాట్లు మనకు కొంతకు కొంత తెలియవచ్చినవి. 1986లో హైదరాబాదు ట్యాంకుబండుపై తెలుగు మహనీయుల విగ్రహములు నిలిపినపుడు వారి నడుమ బ్రౌనునకును చోటు దక్కెను.

కడపలో బంగళా మాత్రము శిథిలమై మొండిగోడలుగా మిగిలెను. దానిని చూచి మనసు నొచ్చి, ఊరకుండక పూనుకొన్నవారు జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు. ఆయన ఉపాధ్యాయుడు, రచయిత. ఇంటింటికి తిరిగి విరాళములు కూర్చి, పుస్తకములు సేకరించి, ఆ స్థలముననే బ్రౌను పేర గ్రంథాలయము కట్టించుటకు పాటుపడిరి. 1987లో శంకుస్థాపన జరిగెను. శాస్త్రిగారు 2014లో పరమపదించు వరకు దానినే తమ ఇంటివలె చూచుకొనిరి. ఆ గ్రంథాలయము పిమ్మట భాషాపరిశోధన కేంద్రమై, కడపలో 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయము ఆధ్వర్యమునకు వచ్చినది. ఏ వేమనను వెదకుచు బ్రౌను తెలుగు సాహిత్యములో అడుగుపెట్టెనో, ఆ వేమన పేరుగల విశ్వవిద్యాలయమే నేడు బ్రౌను ఇంటికి సంరక్షకురాలు.

మన కర్తవ్యము

బ్రౌనుకు పదునైదు ఎకరముల తోటయు, దొరల జీతమును ఉండెను. మన పల్లెటూరి గ్రంథాలయమునకు ఏమున్నదని ఎవరైనను అడుగవచ్చును. నిజమే. కాని ఆయన బంగళాలో జరిగిన పని సారమేమి? పనిచేయగల మనిషిని గుర్తించుట, కూర్చుండుటకు చోటిచ్చుట, చేతికి ప్రతులు అందించుట, తిండికి లోటు రానీయకుండుట. ఈ నాలుగింటిలో మొదటి మూడు మనకు అసాధ్యములు కావు. నాలుగవది అందఱు కలిసి కొంతకాలము పాటు మోయదగిన బరువే.

మన ఊరిలోను, చుట్టుపట్ల ఊళ్లలోను వ్రాయువారు లేకపోలేదు. శతకము కట్టి అచ్చునకు నోచుకొనక పెట్టెలో దాచుకొన్నవారు ఉందురు. గ్రామచరిత్రను, దేవాలయ శాసనమును, పంటల సంగతులను ఎఱిగియు వ్రాసిపెట్టుమని అడుగువారు లేక ఊరకున్న వృద్ధులు ఉందురు. నోటికి వచ్చిన పాటలను తమతోనే తీసికొనిపోవు ముసలమ్మలు ఉందురు. ఇంట నిశ్శబ్దమైన మూల దొరకక కథను సగములో విడిచిన యువతీయువకులు ఉందురు. ఏటికి ఒకరినైనను పిలిచి, గ్రంథాలయములో కిటికీ దగ్గఱ ఒక బల్లను మూడునెలలపాటు వారిదిగా చేసి, కాగితమును, దీపమును, శక్తికొలది కొంత పైకమును సమకూర్చితిమా, ఆ ఏటికి మన ఊరు ఒక పుస్తకమునైన కనును. వారు వ్రాసినదానిని చక్కగా ప్రతి చేయించి, వ్రాసినవారి పేరును, సాయపడినవారి పేరును మొదటి పుటలోనే వేసి, బీరువాలో పెట్టుదము. కడప బంగళాలోని లేఖకుల పేర్లవలె అవి చెఱిగిపోకుండ చూచుకొనుట మన చేతిలోని పని.

అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. ఈ పనిని ఏ ఒక్క దాత భుజముపైనను పెట్టరాదు. కార్యనిర్వాహకులు మారినను, దాతలు మారినను, ఇది గ్రంథాలయపు నియమావళిలో ఒక నియమముగా నిలువవలెను. బ్రౌను తన గ్రంథములను సంస్థకు అప్పగించి బ్రదికించెను. గ్రంథములు వ్రాయువారిని సంస్థకు అప్పగించు పని ఆయన మనకు విడిచిపోయెను. ఇరువదియైదేండ్లుగా చదువరులకు నీడయైన ఈ గ్రంథాలయము, స్వర్ణోత్సవము నాటికి వ్రాయువారికిని నీడయగుగాక! ఆనాడు అచ్చగు సంచికలో, ఈ గదిలో కూర్చుండి వ్రాసినవారి పేర్ల పట్టిక ఒక పూర్తి పుటను నింపుగాక!